ఏడు పాళ్ళు

చూస్తూ కూర్చున్నది మీరు. కొండ మీద గాజుగోడల లాబొరేటరీలో, చల్లగదిలో, తెర ముందు కాఫీ తాగుతూ చూస్తూ కూర్చున్నారు. చూసిందంతా కడుపులో దాచుకుని, తర్వాత పత్రికలవాళ్ళను పిలిచి "చదువులేని జాలర్లు కోట్ల విలువైన మందును చేపల్లా పంచుకుని పాడుచేశారు" అని చెప్పించింది కూడా మీరే. ఆ మాటకు రాష్ట్రమంతా నవ్వింది. సంకుదిబ్బలో మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.

ఢిల్లేశు చచ్చిపోయాడు. వాడి చెల్లెలు హైమ మంచం మీద ఉంది. ఈ రెండూ మీ పనే. ముందు జరిగింది చెబుతాను, ఆ తర్వాత మీ సంగతి.

సంకుదిబ్బ మా ఊరు, శ్రీకాకుళం తీరంలో ఒక మత్స్యకార పల్లె. ఇళ్ళకూ సముద్రానికీ మధ్య పెద్ద ఇసక దిబ్బ. పడవకు వెళ్ళాలన్నా, వల లాగాలన్నా, ఆఖరికి దొడ్డికి వెళ్ళాలన్నా ఆ దిబ్బ ఎక్కి దిగాల్సిందే. మసేను కొడుకు ఢిల్లేశుకి ఆరేళ్ళప్పుడు వాడి పిక్కలు చూసి ఊరు ఊరంతా మురిసిపోయింది. రాయిలా గట్టిగా, గుండ్రంగా, పెద్ద మగవాడి పిక్కల్లా ఉండేవి. వాడి అమ్మమ్మ ఎర్రమ్మ వాణ్ణి నడివీధిలో నిలబెట్టి దారిన పోయేవాళ్ళందరినీ ఆపేది.

"ఓలమ్మ, ఈడి పిక్కలు సూడండే! మా అయ్య పిక్కలే అచ్చంగా దిగినాయి. రేపు పెద్దవల ఈడొక్కడే లాగేత్తాడు, మీరంతా ఒడ్డున కూకుని సుట్టలు కాల్సుకోండి."

ఎర్రమ్మ వాడికి అమ్మమ్మే కాదు, మేనత్త కూడా. తన కూతురు నూకరత్నాన్ని తన సొంత తమ్ముడు మసేనుకే ఇచ్చి చేసింది. మా దగ్గర అది వింత కాదు. మగవాళ్ళు వేటకని గుజరాత్ దాకా పోయి నెలల తరబడి రారు. వెనక ఇంట్లో మిగిలిన పిల్లను ఎవరు చూడాలి? పరాయి అత్తయితే ఆరళ్ళు పెడుతుంది. అక్క కూతుర్ని చేసుకుంటే అమ్మా అత్తింటి మనిషీ ఒక్కతే. పిల్ల ఏడ్చినా ఆ కొంగులోనే ఏడుస్తుంది. ఇదీ మా వాళ్ళ లెక్క. ప్రేమతో వేసిన లెక్క.

ఆ పిక్కలు బలం కాదని మాకెవరు చెప్పారు? లోపల కండ చచ్చిపోతుంటే ఆ చోట కొవ్వు నిండుతోందని ఎవరు చెప్పారు? ఎనిమిదో ఏట ఢిల్లేశు దిబ్బ మీద జారిపోవడం మొదలైంది. మునివేళ్ళ మీద నడిచేవాడు. కూర్చుంటే చటుక్కున లేవలేడు. ముందు చేతులు నేల మీద ఆనించి, తర్వాత మోకాళ్ళ మీద, తర్వాత తొడల మీద, తన ఒంటినే తాను నిచ్చెన చేసుకుని ఎక్కినట్టు లేచేవాడు. తోటి పిల్లలు "ముసిలోడొచ్చినాడ్రా" అని వాడి వెనకాల అలాగే లేచి చూపించి నవ్వేవాళ్ళు. వాడూ నవ్వేవాడు. తర్వాత ఒకరోజు హైమ కూడా అలాగే లేచింది. వెక్కిరిస్తోందనుకుని రత్నం దాని వీపు మీద ఒకటిచ్చింది. అది ఏడుస్తూ చెప్పింది, "నిజంగానే రానేదమ్మా."

డాక్టర్ సుభాషిణి మా ఊరికి వచ్చింది ఆ తర్వాతే. ఒక వ్యాను, దాన్లో ఒక యంత్రం. వేలు గుచ్చి ఒక చుక్క రక్తం పెడితే గంటలో మనిషి జన్యువులన్నీ చదివేస్తుంది. ఊళ్ళో పిల్లలందరి రక్తం తీశారు. నాలుగిళ్ళలో ఏడుగురు పిల్లలకు ఒకే జబ్బు తేలింది. మసేనుకి ఇద్దరు, తాతబాబుకి ఇద్దరు మనవలు, గురువులుకి ఇద్దరు, బండియ్యకి ఒక్కతే కూతురు.

వ్యాను మెట్టు మీద కూర్చుని డాక్టరమ్మ రత్నానికి చెప్పింది. "కండల చుట్టూ పల్చటి పొర ఉంటుందమ్మా. నడిచిన ప్రతిసారీ అది సాగుతుంది. చిరక్కుండా దాన్ని పట్టి ఉంచే సరుకొకటి ఒంట్లోనే తయారవుతుంది. ఆ తయారీ విధానం అందరి ఒంట్లోనూ రెండు కాపీలుంటుంది. అమ్మ ఇచ్చింది ఒకటి, నాన్న ఇచ్చింది ఒకటి. ఒకటి పాడైనా రెండోది నడిపించేస్తుంది. నీకొకటి పాడైంది, మీ ఆయనకొకటి పాడైంది. మీకు ఏ బాధా లేదు కాబట్టి తెలియలేదు. ఈ పిల్లలకు మీ ఇద్దరి దగ్గర్నుంచీ పాడైనదే వచ్చింది."

రత్నం అడిగింది, "రెండు దిక్కుల్నించీ ఒకే సెడ్డదెలగొత్తాదమ్మా?"

"రెండు దిక్కులు కాదు కదమ్మా, మీది ఒకటే దిక్కు."

పక్కనే నిలబడి ఉన్న ఎర్రమ్మకు అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దిబ్బ వైపు వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి వాడి పిక్కల మాట ఎత్తలేదు. రత్నం మాత్రం ఆ సాయంత్రమే వెళ్ళి తల్లి చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చింది. "నన్ను కళ్ళెదురుగా ఉంచుకుందామనుకున్నావు. అంతే గదా. తెలిసి సేసిన తప్పేటి గాదు. రా, బువ్వ తిను."

మేనరికాలు చేసుకున్నారు, అనుభవించండి అనే పెద్దమనుషులు ఈ రాష్ట్రంలో చాలామంది ఉన్నారు. వాళ్ళకు ఒకటే చెబుతాను. రొయ్యల చెరువుకు మేత ఎంత కొలిచి వెయ్యాలో చెప్పడానికి మా ఊరికి మనిషి వచ్చాడు. ఓటు ఎలా నొక్కాలో చెప్పడానికి వచ్చాడు. పెళ్ళికి ముందు ఒక చుక్క రక్తం చూపించుకోండి అని చెప్పడానికి ఏ ఒక్కడూ రాలేదు. ఇక నోరు మూసుకోండి.

లాబొరేటరీలో ఏం జరిగిందో తర్వాత సుభాషిణే చెప్పింది. అక్కడ తిరిగే కర్ర ఒకటి ఉంది. దాని మీద ఎలుకల్ని నడిపిస్తారు. మా పిల్లల జబ్బే పెట్టిన ఎలుక రెండడుగులు వేసి కింద పడిపోయేది. వీళ్ళు ఒక వైరస్ తీసుకున్నారు. దాని లోపలి విషమంతా తోడేసి ఉత్త గుల్ల మిగిల్చారు. ఆ గుల్లలో బాగున్న జన్యువు నింపారు. దాన్ని సన్నటి పట్టీలుగా చేశారు. పట్టీ లోపలి వైపు కంటికి కనపడని సూదులు. ఒంటికి అంటిస్తే మూడు రోజులపాటు కొంచెం కొంచెంగా కరిగి కండలోకి దిగుతాయి. పట్టీ అంటించిన ఎలుక నెల తిరక్కుండా ఆ కర్ర దిగనంటే దిగనని పరుగెత్తింది. సుభాషిణి ఆ రోజు ఏడ్చిందట. నిజమే అయ్యుంటుంది.

ఆ గదిలోనే మూలన ఇంకో పంజరం ఉంది. ఆ ఎలుకలకు సగం మందే పెట్టారు. ఒంట్లో కావలి కాసే కణాలుంటాయి. నిండు మందు పడితే అందులోనే ఉన్న మత్తు సరుకు వాటిని నిద్రపుచ్చుతుంది. సగం పడితే అవి నిద్రపోవు. మేలుకుని గుల్ల ముఖం గుర్తుపెట్టుకుంటాయి. కొన్నాళ్ళు ఎలుక బాగానే పరుగెత్తింది. తర్వాత ఆ కావలివి విరుచుకుపడి కొత్తగా బాగైన కండనంతా కొరికేశాయి. ముందుకంటే అధ్వాన్నమైంది. రెండోసారి నిండు మందు పెట్టినా లాభం లేదు. గుల్ల కనపడగానే చంపేస్తున్నాయి. అంటే సగం వెయ్యడం అసలు వెయ్యకపోవడం కంటే ఘోరం. ఇది మీకు తెలుసు. ఎలుకల మీద చూసినప్పుడే తెలుసు.

సంకుదిబ్బకు ఎన్ని పెట్టెలు, అంటే పిల్లకొకటి చొప్పున ఎన్ని నిండు మోతాదులు పంపాలనే మాట మీ గదిలో వచ్చినప్పుడు సుభాషిణి ఏడు అంది. మీలో ఒకాయన, పేరు అనవసరం, "అన్నాచెల్లెళ్ళిద్దరినీ పెడితే లెక్కలు కలిసిపోతాయి. ఇంటికొకరు చాలు" అన్నాడు. సగం మందు సంగతి ఊళ్ళో వివరంగా చెప్పాలి అని ఆమె అంది. "భయపడి పారిపోతారు. మూడు రోజులు తియ్యొద్దు అని చెప్పండి. చాలు" అన్నారు. ఆమె సరేనంది. అదీ ఆవిడ పాపం. అది ఆవిడే ఒప్పుకుంది. మీరెప్పుడు ఒప్పుకుంటారు?

నాలుగు పెట్టెలు వచ్చాయి. బడిలో నర్సమ్మ నలుగురు పిల్లల్ని బోర్లా పడుకోబెట్టి తొడలకు, పిక్కలకు, నడుముకు, భుజాలకు పట్టీలు అంటించింది. రత్నం పిల్లలిద్దరిలో వంతు ఢిల్లేశుకి వచ్చింది. హైమ బడి గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. "నాకెప్పుడు?" అని అడిగింది. "తర్వాత" అంది నర్సమ్మ. "తర్వాతంటే రేపా?" నర్సమ్మ ఖాళీ పెట్టెలు సర్దుకుంది. "మూడు రోజులు తియ్యొద్దు, తడపొద్దు" అని చెప్పి, వ్యానెక్కి వెళ్ళిపోయింది. పట్టీలే లాబొరేటరీకి కబుర్లు పంపుతాయి కాబట్టి మనిషి ఉండనక్కర్లేదని మీరు తేల్చారు గదా.

ఆ మధ్యాహ్నమే ఒడ్డున, దిబ్బ నీడలో జనం కూడారు. ఎవరూ పిలవలేదు. పెద్దవల ఒడ్డుకు వచ్చినప్పుడు ఎలా కూడతారో అలాగే. పెద్దవల పంపకం ఎలా ఉంటుందో మీకు తెలియదు, చెబుతాను. తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాడికీ పాలుంటుంది. జ్వరం వచ్చి రాలేనివాడికి పాలుంటుంది. మొగుడు సముద్రంలో పోయిన ఆడదానికి పాలుంటుంది. ఎవరింటికీ రెండు పాళ్ళు పోవు, ఎవరిల్లూ ఎండదు. మా తాతల నాటి నుంచీ ఆకలి మమ్మల్ని చంపకపోవడానికి కారణం ఈ ఒక్కటే. ప్రభుత్వాలు కాదు.

ముందు నోరు తెరిచింది బండియ్య. ఒక్కతే కూతురున్నవాడు. నిండు పెట్టె దక్కినవాడు. "నా గుంట ఒక్కదానికీ నిండు పెట్టె. ఆ ఇంట్లో ఇద్దరుంటే ఆల్లకీ ఒకటే. ఇదేం పంపకమేటి? రేపు నా గుంట గెంతుతుంటే గురువులు గుంటడు డేకుతుంటే నాను సూడగల్నా?"

"మందు సేప గాదు మావా," అన్నాడు మసేను. "కోసి పంచీడానికి."

"సేప గాదు. సేపయితే ఒగ్గేద్దుము. మందు గాబట్టే అడుగుతున్నాను."

కులపెద్ద తాతబాబు తన మనవలిద్దరినీ చెరో తొడ మీద కూర్చోబెట్టుకుని ఉన్నాడు. ఒకడికి పట్టీలున్నాయి, ఒకడికి లేవు. "రత్నం, నువ్వేటంటావు?"

రత్నం ఢిల్లేశు భుజం మీద పట్టీల్ని వేళ్ళతో తడుముతూ ఉంది. "ఆల్లు తియ్యొద్దన్నారు బాబూ. ఓపాలి ఫోన్సేసి అడుగుతాను."

చేసింది. అందరికీ వినపడేలా పెట్టింది. మనిషి కాదు, యంత్రం. తీయగా మాట్లాడింది. "మోతాదులో మార్పు చేయరాదు."

"ఎందుకు సేయకూడదమ్మా? సగం ఏత్తే ఏటవుతాది?"

"మోతాదులో మార్పు చేయరాదు. మీ ప్రశ్న నమోదైంది. ధన్యవాదాలు."

"ఏటవుతాదో సెప్పు తల్లీ. సచ్చిపోతారా?"

"మోతాదులో మార్పు చేయరాదు."

తాతబాబు ఉమ్మేశాడు. "తుపాను ఫోను లాగే ఉంది. ఏటకెల్లొద్దు, ఏటకెల్లొద్దని వారానికోపాలి కూత్తాది. గాలెంత, కెరటమెంత, ఎందుకెల్లొద్దో ఒక్కనాడు సెప్పదు. ఆ మాటిని ఇంట్లో కూకుంటే ఈపాటికి పల్లంతా సచ్చూరుకుందుము. ఆకాశం సూసుకుని, మన బుర్రతో మనం ఎల్తన్నాం. బతికున్నాం."

"ఇయ్యి బలమిచ్చీ పట్టీలు గదా," అంది ఎర్రమ్మ. డాక్టరమ్మ మాట విన్న రోజు తర్వాత ఆమె నలుగురిలో మాట్లాడటం అదే మొదలు. "నిండు ఏత్తే నిండు బలం. సగం ఏత్తే సగం బలం. సగం బలంతో కూడా దిబ్బ ఎక్కుతారు. ఒకడు పరిగెట్టి ఒకత్తి పాక్కుంటా ఉండీకంటే ఇద్దరూ నడిత్తే సాల్దా?"

ఆ మాటలో తప్పు చూపించండి. మీరిచ్చిన సమాచారంతో, మీరు చెప్పిన ఆ ఒక్క ముక్కతో, ఎక్కడ తప్పుందో చూపించండి. నేనక్కడే ఉన్నాను. పంచుదామని నేనూ చెయ్యెత్తాను. సిగ్గుపడను.

మసేను చివరిదాకా తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. అప్పుడు ఢిల్లేశు అన్నాడు, "అయ్యా, సెల్లికి ఎయ్యకపోతే నాకీ ఒద్దు. పీకీండి." మసేను తల ఊపడం ఆపేశాడు. నాలుగు పెట్టెల పట్టీలు ఏడు పాళ్ళయ్యాయి. బండియ్య తన కూతురి కాళ్ళ మీద నుంచి తానే మెల్లగా, తోలు లేవకుండా తీసి ఇచ్చాడు. తీసి అంటిస్తే మళ్ళీ చక్కగా అంటుకున్నాయి. అంత బాగా చేశారు మీరు. హైమ తన పిక్కల మీది పట్టీలు చూసుకుని, "సల్లగుంది" అని నవ్వింది.

ఆ తర్వాత ఒక నెల మా ఊళ్ళో పండగ. ఢిల్లేశు చేతులు ఆనించకుండా లేచాడు. తాతబాబు చిన్న మనవడు మడమలు ఆనించి నడిచాడు. ఒక పొద్దున్న హైమ దిబ్బ ఎక్కింది. ఎవరూ చెయ్యి పట్టుకోలేదు. రత్నం వెనకాలే రెండు చేతులూ చాపుకుని నడుస్తోంది, ముట్టుకోకుండా. సగంలో హైమ ఒకసారి ఆగింది. కిందికి చూసింది. మళ్ళీ ఎక్కింది. పైకి వెళ్ళి నిలబడి, పడవల్లో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా అరిచింది, "అయ్యా! నానొచ్చీసినాను!" మసేను అప్పుడు నడుంలోతు నీళ్ళలో పడవ తోస్తున్నాడు. పడవ వదిలేశాడు. అది కెరటానికి అడ్డం తిరిగిపోతున్నా పట్టించుకోలేదు.

బండియ్య ఊరంతా తిరిగి చెప్పాడు, పంచుకున్నది ఎక్కడికీ పోదని.

రెండో నెలలో జ్వరాలు వచ్చాయి. ఏడుగురికీ. పిక్కలు ఎర్రగా కాలిపోయాయి, ముట్టుకుంటే కేక పెట్టేవారు. జ్వరం తగ్గేసరికి కాళ్ళలో సత్తువ లేదు. ఢిల్లేశు లేవలేదు. తొడల మీద చేతులు వేసి లేవడం కూడా ఇక చాతకాలేదు. చేతులే లేవలేదు. హైమను రత్నం చంకనేసుకుని బడికి తీసుకెళ్ళేది. కొన్నాళ్ళకు బడి మానిపించింది. బండియ్య కూతురు, నిండు పెట్టె దక్కిన పిల్ల, పట్టీలు వేసిన మూడో ఏట, అందరికంటే ముందు పోయింది. గుండె ఆగిపోయింది. గుండె కూడా కండే కదా. దాన్ని పాతిపెట్టి వచ్చిన బండియ్య తాతబాబు గుమ్మంలో కూర్చున్నాడు. "నాను పంచకపోతే బతికుండును," అన్నాడు. తాతబాబు వాడి తల తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

మీ మనుషులొచ్చారు. బడిలో మీటింగు పెట్టారు. "తియ్యొద్దని స్పష్టంగా చెప్పాం, ఫోన్లో మా రికార్డు కూడా ఉంది" అన్నారు. మావాళ్ళు తల వంచుకుని విన్నారు. అదీ నాకు కడుపు మండేది. తల వంచుకున్నారు. ఎవరి పిల్లల్ని వాళ్ళే చంపుకున్నామని నమ్మారు. సుభాషిణి ఆ మీటింగులో గోడకానుకుని నిలబడింది, నోరు తెరవలేదు.

తర్వాత మీ మందు గెలిచింది. ఎక్కడో పట్నంలో ఒక పిల్లాడు మెట్లెక్కడం టీవీలో చూపించారు. రత్నం ఇంట్లో ఆ టీవీ నడుస్తోంది. ఢిల్లేశు కుర్చీలో, మెడకు దిండు పెట్టుకుని చూశాడు. "ఆడికి నిండు పెట్టేసినారేటమ్మా?" అన్నాడు. "అలగే ఉంది," అంది రత్నం. "బాగా ఎక్కుతున్నాడు," అన్నాడు వాడు. అంతే. కుళ్ళుకోలేదు. ఆ చలికాలంలో, పదిహేడు నిండి పద్దెనిమిది రాకుండానే, మధ్యాహ్నం అన్నం తింటూ తింటూ, తల్లి చేతిలో ముద్ద ఉండగానే వాడు పోయాడు.

వాడి పెద్ద దినం అయ్యాక సుభాషిణి ఒంటరిగా వచ్చింది. వ్యాను లేదు, బస్సులో వచ్చింది. ఉద్యోగం మానేశానంది. రత్నం పీట వేస్తే కూర్చోలేదు, నేల మీదే కూర్చుంది.

"రత్నం, నీకొక మాట చెప్పాలి. నన్ను కొట్టినా సరే."

"సెప్పమ్మా."

"పట్టీలకు నాడి తెలుస్తుంది. ఎవరి ఒంటి మీద ఉందో వాళ్ళ గుండె చప్పుడు మాకు పంపుతుంది. మీరు పంచిన గంటలోనే మా తెర మీద నాలుగు గుండెల బదులు ఏడు కనిపించాయి. నేనే చూశాను. పరుగెత్తి చెప్పాను. ఇంకా రెండున్నర రోజుల టైముంది, వెళ్ళి మిగతా పట్టీలు వేసేద్దాం, ఏడుగురికీ నిండుగా పడుతుంది అన్నాను."

మసేను గోడకు ఆనుకుని ఉన్నవాడు లేచి నిలబడ్డాడు.

"ఆగమన్నారు," అంది సుభాషిణి. "మనుషుల మీద సగం మందు వేసి చూడడానికి ఏ ప్రభుత్వమూ ఒప్పుకోదు. ఇప్పుడు వాళ్ళంతట వాళ్ళే వేసుకున్నారు, మన మీదికి రాదు, లెక్కలు రానివ్వండి అన్నారు. ఆ లెక్కలతోనే సరైన మోతాదు తేల్చారు. టీవీలో ఆ పిల్లాడు నడిచింది మీ పిల్లల లెక్కలతోనే. నేను ఆగాను. ఆ మూడు రోజులూ తెర ముందే కూర్చున్నాను. ఏడు చప్పుళ్ళూ విన్నాను."

రత్నం అడిగింది, "మిగతా పెట్టెలు అక్కడున్నాయా అప్పుడు?"

"ఉన్నాయి. ఫ్రీజర్‌లో."

"ఎన్ని?"

"పది."

"మాకు మూడు సాలును," అంది రత్నం.

తిట్టలేదు, కొట్టలేదు. మసేను మాత్రం బయటికి పోయి, ఒడ్డున పడవ పక్కను పిడికిలితో గుద్దుకుంటూ ఉండిపోయాడు. వేళ్ళు పగిలాయి. నేనే వెళ్ళి పట్టుకొచ్చాను.

సుభాషిణి ఇంకో సంగతీ చెప్పింది. రెండో గుల్ల ఒకటి ఉంది. వేరే వైరస్‌ది. మా పిల్లల ఒంట్లో కావలివాళ్ళు దాని ముఖం ఎప్పుడూ చూడలేదు. పాడైన ఎలుకల మీద పెడితే కొన్నిటికి పనిచేసింది. కానీ అది కావలసినవాళ్ళు లోకంలో సంకుదిబ్బ పిల్లలు తప్ప ఎవరూ లేరు. అమ్ముకోవడానికి కొనేవాళ్ళు లేరు. అందుకని మీరు దాన్ని చలిపెట్టెలో పెట్టి తలుపు మూశారు. "ఈరోజు మొదలుపెట్టినా హైమకు అందకపోవచ్చు" అంది ఆమె, తల దించుకుని. నాకూ తెలుసు. హైమకిప్పుడు పదమూడేళ్ళు. పడుకుంటే ఊపిరాడదు, యంత్రం ఊదుతుంది. బండియ్య కూతురు, ఢిల్లేశు, గురువులు పిల్లల్లో ఒకరు పోగా ఏడుగురిలో నలుగురు మిగిలారు. మిగిలినవాళ్ళలో హైమే పెద్దది.

మొన్న హైమ నన్ను దగ్గరికి పిలిచింది. గొంతు రావడం లేదు, చెవి దాని నోటి దగ్గర పెట్టాల్సి వచ్చింది. "మావా, అన్న పట్టీలు నాను తీసుకోకపోతే అన్న బతికేవోడు గదా? అన్న పాలు నాను తినేసినాను గదా?" కాదమ్మా అన్నాను. సుభాషిణి చెప్పింది మొత్తం చెప్పాను. "నువ్వు నా మంచికి సెప్తన్నావు," అంది. కళ్ళు మూసుకుంది. నమ్మలేదు. అది తనవాళ్ళు చెబితే నమ్మే మాట కాదు.

అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. బతిమాలడం లేదు. ఆ చలిపెట్టె తలుపు ఈ వారమే తెరవండి. ఆ రెండో గుల్లను పని చేయించడానికి ఎంతమంది కావాలో అంతమందిని పెట్టండి, సుభాషిణిని వెనక్కి పిలవండి, మిగిలిన నలుగురికీ నిండుగా, ఒక్క పట్టీ తగ్గకుండా తయారుచేయండి. సగం వేస్తే ఏమవుతుందో, నిండు వేస్తే ఏమవుతుందో, అసలు పనిచేయకపోతే ఏమవుతుందో మా మాటలో, మా ముందు నిలబడి చెప్పండి. పెళ్ళి కావలసిన ప్రతి పిల్లకూ పిల్లాడికీ రక్తం చూసే ఆ వ్యాను మా తీరమంతా తిప్పండి. ఇవేవీ చేయనంటే చేయనని చెప్పండి, అప్పుడు మా దారి మేం చూసుకుంటాం, మీ కొండ మాకు దూరం కాదు.

కానీ వీటన్నిటికంటే ముందు ఒక పనుంది. దానికి మందు అక్కర్లేదు, ఫ్రీజరు అక్కర్లేదు, ఏ ప్రభుత్వం అనుమతీ అక్కర్లేదు. ఆ రోజు ఆగమన్నవాళ్ళు ఎవరో వాళ్ళే బయల్దేరి సంకుదిబ్బ రండి. హైమ మంచం పక్కన నేల మీద కూర్చోండి. "నువ్వు మీ అన్న పాలు తినలేదు తల్లీ, పెట్టెలు మా దగ్గర ఉన్నాయి, చూస్తూ ఇవ్వలేదు" అని మీ నోటితో దాని చెవిలో చెప్పండి. దానికి ఇంకా వినపడుతోంది. ఇవాళే రండి.